చెరపట్టిన జాతికి వాక్యమిచ్చిన ఉల్ఫిలా

స్వీడన్ దేశంలోని ఉప్సాలా పట్టణంలో, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఒక పాత సువార్తల పుస్తకం ఉంది. దాని పుటలు ఊదారంగు అద్దిన పలుచని తోలువి. అక్షరాలు వెండివి. సువార్తలు ఆరంభమయ్యే పంక్తులు మాత్రం బంగారువి. దాదాపు 1500 ఏళ్ల నాటి ఆ పుస్తకాన్ని వెండి బైబిలు అని పిలుస్తారు. 2011లో యునెస్కో దాన్ని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. చిత్రమేమిటంటే, ఆ పుస్తకంలోని భాషను తల్లిభాషగా మాట్లాడేవారు ఈ రోజు భూమ్మీద ఒక్కరూ లేరు. అది గోతిక్ భాష. గోత్ అనే జాతి మాట్లాడిన భాష. ఆ జాతి కూడా ఇతర జాతుల్లో కలిసిపోయింది. వారి రాజ్యాలు పోయాయి, కోటలు పోయాయి. వారి భాషలో ఏదైనా గ్రంథం మిగిలిందంటే ప్రధానంగా బైబిలు భాగాలే మిగిలాయి. ఆ భాషను నేర్చుకోవాలనుకునే విద్యార్థి నేటికీ సువార్తలతోనే మొదలుపెట్టాలి, వేరే దారి లేదు.

ఆ బైబిలును వారికి ఇచ్చినవాడు ఉల్ఫిలా. చరిత్రలో పెద్ద పేరే గానీ మన సంఘాల్లో అంతగా వినబడని పేరు. విలియం కేరీ గురించి, మార్టిన్ లూథర్ గురించి మన ఆదివారపు బడుల్లో చెప్పుకుంటాం. వారికంటే వెయ్యేళ్లకు పైగా ముందు, చదువే లేని జాతికి అక్షరాలు కూర్చి, ఆ అక్షరాలతో లేఖనాలు రాసిన మనిషి గురించి చెప్పుకోం. దానికి కారణం లేకపోలేదు. ఆ కారణం దగ్గరికి తర్వాత వద్దాం.

మూడో శతాబ్దం నడుమ గోత్‌లు నల్లసముద్రం దాటి వచ్చి రోమా సామ్రాజ్యపు తీరప్రాంతాలను దోచుకునేవారు. అలా ఒకసారి చిన్న ఆసియాలోని కప్పదొకియ దాకా చొచ్చుకొచ్చారు. పెంతెకొస్తు దినాన యెరూషలేములో ఉన్నవారి జాబితాలోను, పేతురు మొదటి పత్రిక తొలి వచనంలోను మనం చదివే కప్పదొకియ అదే. ఇప్పుడది టర్కీ దేశంలో ఉంది. అక్కడ పర్నాసుస్ అనే పట్టణం దగ్గర సదగోల్తీనా అనే పల్లె నుంచి కొన్ని క్రైస్తవ కుటుంబాలను గోత్‌లు చెరపట్టి, డాన్యూబ్ నదికి ఆవల ఉన్న తమ దేశానికి తీసుకుపోయారు. ఆ చెరపట్టబడినవారి సంతతిలో పుట్టినవాడు ఉల్ఫిలా. పుట్టిన సంవత్సరం సుమారు 311.

చెరలో ఉన్నవారు ఏంచేశారో కొంచెం ఆలోచించాలి. ఇల్లు పోయింది, పొలం పోయింది. యజమానుల భాష రాదు. యజమానుల దేవతలు వేరు. అయినా రెండు తరాల పాటు వారు ప్రార్థన మానలేదు. అంతేకాదు, తమను పట్టుకొచ్చినవారిలో కొందరిని విశ్వాసంలోకి నడిపించారని ప్రాచీన చరిత్రకారుడు ఫిలొస్టోర్గియస్ రాశాడు. ఈయనదీ కప్పదొకియే. వారిని ఎవరూ మిషనరీలుగా పంపలేదు. వారికి జీతం లేదు, బోర్డు లేదు, తిరిగి వెళ్లే దారీ లేదు.

ఆ ఇంట పుట్టిన పిల్లవాడికి మాత్రం గోత్ పేరు పెట్టారు. ఉల్ఫిలా అంటే చిన్న తోడేలు అని అర్థం. పేరు వారిది, విశ్వాసం వీరిది. అతను గోత్‌ల మధ్య గోత్‌గానే పెరిగాడు. గ్రీకు, లాటిన్, గోతిక్ మూడు భాషలూ వచ్చాయి. సంఘంలో లేఖనాలు చదివే రీడరు పని చేసేవాడు. ఆ రోజుల్లో ఆ పని చిన్నదేమీ కాదు. గోత్‌ల చేతిలో వారి భాషలో పుస్తకం లేదు కనుక, గ్రీకులో ఉన్న వాక్యాన్ని చూస్తూ వినేవారికి అర్థమయ్యేలా నోటితో చెప్పవలసి వచ్చేదని ఊహించడం కష్టం కాదు. మన పల్లెల్లో దొరగారు ఇంగ్లిషులో ప్రసంగిస్తుంటే పక్కన నిలబడి తెలుగు చెప్పిన ఉపదేశులను ఎరిగినవారికి ఆ దృశ్యం కొత్తగా ఉండదు.

ముప్పై ఏళ్ల వయసులో ఆయన జీవితం మలుపు తిరిగింది. గోత్‌ల తరఫున రోమా చక్రవర్తి దగ్గరకు రాయబారంగా వెళ్లినవారిలో ఆయనా ఉన్నాడు. రమారమి 341లో ఆయనను గోత్‌ల దేశంలోని క్రైస్తవులకు బిషప్పుగా అభిషేకించారు. అభిషేకించినవాడు నికొమీడియాకు చెందిన యూసేబియస్. ఈ పేరు దగ్గర మనం కాస్త ఆగాలి.

325లో నికేయ సభ జరిగింది. కుమారుడు తండ్రితో ఏకస్వభావం గలవాడని, సృష్టించబడినవాడు కాదని ఆ సభ ప్రకటించింది. మనలో చాలామంది సంస్కార ఆరాధనల్లో నిలబడి చెప్పే విశ్వాసప్రమాణానికి మూలం అక్కడుంది. ఆ సభలో సంతకం చేసినవారిలో గోత్‌ల ప్రాంతానికి చెందిన థియోఫిలస్ అనే బిషప్పు కూడా ఉన్నాడు. కుమారుడికి ఆరంభం ఉందని బోధించిన అరియస్‌ను ఆ సభ ఖండించింది. ఆ అరియస్‌కు అండగా నిలిచిన పెద్దల్లో ముఖ్యుడు ఈ యూసేబియస్. సభ అయ్యాక వెలివేయబడ్డాడు, మళ్లీ వచ్చాడు, 337లో మరణశయ్య మీద ఉన్న కాన్‌స్టాంటైన్ చక్రవర్తికి బాప్తిస్మమిచ్చింది కూడా ఈయనే. ఆ తర్వాత రాజధానికే బిషప్పు అయ్యాడు. ఆయన చేతులు తలమీద పెట్టించుకున్న ఉల్ఫిలా, ఆ పక్షపు బోధనే గోత్‌ల దగ్గరకు తీసుకువెళ్లాడు. ఎవరి చేతుల మీదుగా అభిషేకం పొందితే వారి మాటే మన మాట కావడం మన సంఘాల్లోనూ చూస్తున్నదే.

బిషప్పుగా ఆయన మొదటి ఏడేళ్లు డాన్యూబ్ ఆవలి గట్టున గడిచాయి. ఆ ఏడేళ్లలో విశ్వాసులు పెరిగారు. దాంతో శ్రమలూ వచ్చాయి. గోత్‌లకు అప్పట్లో మొత్తానికి ఒక రాజు లేడు. న్యాయాధిపతి అనే నాయకుడుండేవాడు. న్యాయాధిపతుల గ్రంథం చదివిన మనకు ఆ పదవి వింతగా అనిపించదు. 348 ప్రాంతంలో ఆ నాయకుడు క్రైస్తవుల మీద పడ్డాడు. రోమావారి దేవుణ్ణి కొలిచేవారు రోమాకు గూఢచారులనే అనుమానం ఒకటి, పూర్వీకుల దేవతలకు కోపం వస్తుందనే భయం ఇంకొకటి. కొందరు పురుషులు, స్త్రీలు ప్రాణాలు ఇచ్చారు.

ఉల్ఫిలా అప్పుడొక నిర్ణయం తీసుకున్నాడు. బతికి ఉన్న విశ్వాసులను వెంటబెట్టుకుని నది దాటాడు. కాన్‌స్టాంటియస్ చక్రవర్తి వారిని ఆదరించి, నికోపొలిస్ పట్టణం దగ్గరి కొండ దిగువ నేలల్లో చోటిచ్చాడు. ఆ ప్రాంతం ఇప్పుడు బల్గేరియా దేశంలో ఉంది. చక్రవర్తి ఆయనను తమ కాలపు మోషే అని చెప్పుకునేవాడట. పోలిక బాగుంది గానీ, ఒక తేడా ఉంది. మోషే తన జనాన్ని చెరలో నుంచి స్వదేశానికి నడిపించాడు. ఉల్ఫిలా ఏ దేశం నుంచి తన తాతలను చెరపట్టుకుపోయారో ఆ సామ్రాజ్యంలోకి వచ్చాడు. అయితే ఆయన వెంట వచ్చినవారు ఇప్పుడు కప్పదొకియవారు మాత్రమే కారు, గోత్‌లు కూడా. చెరపట్టినవారి సంతతీ, చెరపట్టబడినవారి సంతతీ ఒకే మందగా నది దాటారు. ఆ తర్వాత 33 ఏళ్లు ఆయన అక్కడే వారికి కాపరిగా ఉన్నాడు. మూడు భాషల్లోనూ ప్రసంగించేవాడు.

ఇక బైబిలు సంగతి. గోత్‌లకు రూనిక్ అనే గీతల లిపి ఉండేది. కొయ్య మీద, లోహం మీద పేరో గుర్తో చెక్కుకోవడానికి పనికొచ్చే లిపి అది. దానితో గ్రంథం రాసే అలవాటు వారికి లేదు. మన తెలుగులోకి బైబిలు తెచ్చినవారికి కనీసం అక్షరాలు సిద్ధంగా ఉన్నాయి, అప్పటికే మహా కావ్యాలు ఉన్నాయి. ఉల్ఫిలాకు ఆ సదుపాయం లేదు. అందుకని ఆయన గ్రీకు అక్షరాలను ఆధారం చేసుకుని, గ్రీకులో లేని ధ్వనులకు లాటిన్ నుంచి, రూనిక్ నుంచి కొన్ని తీసుకుని 27 గుర్తులతో ఒక వర్ణమాల కూర్చాడు. అందులో రెండు గుర్తులు కేవలం అంకెల కోసమే, 90కి ఒకటి, 900కి ఒకటి. ఆ పని అయ్యాక గ్రీకు బైబిలును గోతిక్‌లోకి మార్చడం మొదలుపెట్టాడు. అంత పెద్ద పనిలో ఆయనకు సహాయకులు ఉండే ఉంటారని పండితుల అభిప్రాయం.

అనువాదం ఎలా చేశాడో చూస్తే ఆయన మనసు కొంత తెలుస్తుంది. గ్రీకులో మాట ఏ వరుసలో ఉందో దాదాపు అదే వరుసలో గోతిక్‌లో పెట్టాడు. వాక్యంలో తన సొంతం కలపకూడదనే భయం అందులో కనిపిస్తుంది. దూతకు, సంఘానికి, అపొస్తలునికి, బిషప్పుకు గ్రీకు మాటలనే కొద్దిగా మార్చి వాడుకున్నాడు. కానీ కొన్నిచోట్ల గోత్‌ల ఇంటి మాటనే ఎంచుకున్నాడు. బాప్తిస్మమివ్వడానికి ఆయన వాడింది దౌప్యన్ అనే మాట. ముంచడం అనే అర్థమున్న మాట అది. మన బాప్టిస్టు సోదరులకు ఇది సంతోషం కలిగించవచ్చు, దీనితో ఏ వాదమూ తేలదనుకోండి! సిలువకు గల్గ అనే మాట వాడాడు. సిలువ అనగానే ఈ రోజు మనకు మెడలో గొలుసు గుర్తొస్తుంది, గుడి శిఖరం గుర్తొస్తుంది. గల్గ అంటే గోత్‌లకు ఉరికొయ్య. ప్రభువు దేనిమీద చనిపోయాడో వారికి వివరించనక్కరలేకపోయింది.

తండ్రి అనే మాట విషయంలో తెలుగువారికి నవ్వొచ్చే సంగతి ఒకటుంది. గోతిక్‌లో తండ్రిని అత్త అంటారు! పరలోక ప్రార్థన ఆ మాటతోనే మొదలవుతుంది. ఇంగ్లిషువారి ఫాదర్‌కు దగ్గరి మాట ఫదర్ కూడా ఆ భాషలో ఉంది గానీ, మిగిలిన గోతిక్ బైబిలు అంతటిలో అది ఒక్కసారే, గలతీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో కనిపిస్తుంది. పిల్లలు ఇంట్లో పిలిచే మాటనే దేవునికి వాడాడన్నమాట. రొట్టెకు హ్లైఫ్స్ అని, కుమారునికి సునుస్ అని అంటారు. ఇంగ్లిషు, జర్మన్, స్వీడిష్ భాషలకు ఇది పెద్దమ్మ వరస. ఆ కుటుంబంలోని ఏ భాషలోనైనా ఇంత విస్తారమైన రచన ఇంతకుముందు లేదు. అందుకే భాషాశాస్త్రం చదివేవారు, ప్రభువును ఎరగనివారు సైతం, ఉల్ఫిలా కాళ్ల దగ్గర కూర్చోక తప్పదు.

అయితే ఆయన బైబిలు అంతా ఇవ్వలేదట. ఫిలొస్టోర్గియస్ రాసిన ప్రకారం, రాజుల గ్రంథాలను ఉల్ఫిలా కావాలనే వదిలేశాడు. గ్రీకు బైబిలులో సమూయేలు గ్రంథాలు రెండూ, రాజుల గ్రంథాలు రెండూ కలిపి నాలుగు రాజుల గ్రంథాలు. అంటే దావీదు గొల్యాతుల కథ మొదలుకొని యెరూషలేము కాలిపోవడం దాకా అంతా. గోత్‌లు అసలే యుద్ధమంటే ఎగిరిపడేవారు. వారికి కళ్లెం కావాలి గానీ కొరడా అక్కరలేదని ఆయన తలచాడట.

ఇది నిజమా అని సందేహించే పండితులూ ఉన్నారు. యెహోషువ, న్యాయాధిపతులు కూడా యుద్ధాల గ్రంథాలే కదా, వాటిని వదలకుండా వీటినే ఎందుకు వదిలాడని వారడుగుతారు. బహుశా ఆ భాగం చేసే లోపే ఆయుష్షు తీరిందేమో. పాత నిబంధనలో నెహెమ్యా గ్రంథం నుంచి కొంత భాగం తప్ప దాదాపు ఏమీ నేటికి మిగలలేదు కాబట్టి పుటలు తిప్పి చూసే వీలు లేదు.

నిజమే అయితే మాత్రం, మనకు మింగుడుపడని సంగతి ఇది. లేఖనమంతా దైవావేశం వల్ల కలిగిందని నమ్మే మనం, ఒక కాపరి కొన్ని గ్రంథాలను తన మందకు దాచిపెట్టడాన్ని ఒప్పుకోగలమా? ఒప్పుకోలేం. కానీ ఆయన ఏ మందకు కాపరి? తాతల పల్లెను తగులబెట్టినవారి మనవలకు. ఆ పుస్తకంలో ఏ పేజీ ఎవరి చేతిలో కత్తి అవుతుందో ఆయనకు మనకంటే బాగా తెలుసు. పైగా ఆయన వదిలేశాడంటున్న రెండవ రాజుల గ్రంథంలోనే ఐదో అధ్యాయం ఉంది. సిరియా దండువారు ఇశ్రాయేలు దేశం నుంచి చెరపట్టుకుపోయిన ఒక చిన్నది, తనను పట్టుకొచ్చిన సేనాధిపతి నయమాను బాగుపడాలని కోరుకుని ప్రవక్త సంగతి చెప్పిన అధ్యాయం. ఉల్ఫిలా ఇంటివారి కథకు దానికంటే దగ్గరి కథ బైబిలులో ఇంకొకటి లేదు. అది కూడా మిగతా వాటితో పాటు పక్కన ఉండిపోయింది.

నది దాటి వచ్చిన ఆయన మంద ఏమైందో 551లో చరిత్ర రాసిన యొర్డానెస్ చెప్పాడు. ఆయన రాసేనాటికి కూడా వారు నికోపొలిస్ దగ్గరే ఉన్నారు. చాలామందే, కానీ పేదవారు. యుద్ధం ఎరగనివారు. పశువుల మందలు, పచ్చిక, అడవి కలప తప్ప వారికి ఆస్తి లేదు. పాలు తాగి బతికేవారు ఎక్కువ. రెండు వందల ఏళ్లు ఒక గోత్ సమూహం కత్తి పట్టకుండా బతికిందంటే దానికి వదిలేసిన గ్రంథం కారణమో, ఇచ్చిన సువార్త కారణమో ఎవరు తేల్చగలరు?

మిగతా గోత్‌ల కథ వేరు. 376లో హూణుల దెబ్బకు నిలవలేక లక్షణంగా బతుకుతున్న జనం గుంపులు గుంపులుగా డాన్యూబ్ దాటారు. రోమా అధికారులు వారికి తిండి పెడతామని చెప్పి, కుక్క మాంసం ఇచ్చి బదులుగా వారి పిల్లలను బానిసలుగా తీసుకున్నారు. దాని ఫలితం 378 ఆగస్టు 9న తెలిసింది. అడ్రియనోపుల్ దగ్గర జరిగిన యుద్ధంలో గోత్‌లు రోమా సైన్యాన్ని చితకగొట్టారు, వాలెన్స్ చక్రవర్తి హతమయ్యాడు. ఉల్ఫిలా అప్పటికి అరవయ్యేడేళ్ల ముసలివాడు. రెండు వైపులా తనవారే.

ఇప్పుడు మొదట వాయిదా వేసిన సంగతి. ఉల్ఫిలా విశ్వాసం నికేయ విశ్వాసం కాదు. 360లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన సభలో ఆయన ఉన్నాడు. కుమారుడు తండ్రిని పోలినవాడు అని చెప్పి అక్కడితో ఆగిపోవాలని, స్వభావం గురించి మాట్లాడనేకూడదని ఆ సభ నిర్ణయించింది. ఆయన శిష్యుడు ఆక్సెంటియస్ తన గురువు విశ్వాసాన్ని రాసి ఉంచాడు. దాని ప్రకారం తండ్రి ఒక్కడే జన్మలేని దేవుడు. కుమారుడు సమస్తాన్ని సృష్టించిన ప్రభువు, మన దేవుడు, అయినా తండ్రికి లోబడినవాడు. పరిశుద్ధాత్మ దేవుడు కాదు, క్రీస్తుకు పరిచారకుడు. దీన్ని మన సంఘాలు అంగీకరించవు. అంగీకరించకూడదు కూడా. ప్రభువును సృష్టికర్త అని, దేవుడు అని పిలుస్తూనే తండ్రి కంటే ఒక మెట్టు కింద నిలబెట్టే బోధ ఇది. అది మన రక్షణ పునాదినే కదిలిస్తుంది. మన పుస్తకాల్లో ఆయన పేరు పలచబడడానికి కారణం ఇదే.

మరి అలాంటివాడు చేసిన అనువాదాన్ని నమ్మవచ్చా? ఈ ప్రశ్న ఈనాటిది కాదు. గోతిక్ బైబిలును అక్షరం అక్షరం జల్లెడ పట్టినవారు అనుమానపడ్డ చోటు ముఖ్యంగా ఒకటే. అది ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం ఆరో వచనం. అక్కడ గ్రీకులో దేవునితో సమానత్వాన్ని చెప్పే మాట ఉంది. సమానం అనడానికి గోతిక్‌లో ఇబ్న అనే మాట ఉంది, లూకా ఇరవయ్యో అధ్యాయంలో దేవదూతలతో సమానులు అన్నచోట అదే వాడారు. కానీ ఫిలిప్పీ పత్రికలో మాత్రం గలైకో అని ఉంది, అంటే పోలికగా అని. ఒక్క మాట! అక్కడ అనువాదకుని చెయ్యి వణికిందా, లేక గోతిక్ నుడికారమే అంతేనా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మనకైతే చెయ్యి వణికిందనే అనిపిస్తుంది.

కానీ యోహాను సువార్త పదో అధ్యాయం ముప్పయ్యో వచనం చూడండి. తండ్రీ తానూ ఒకటేనని ప్రభువు చెప్పిన చోటు అది. ఉల్ఫిలా పక్షానికి అంతకంటే ఇబ్బందికరమైన వచనం ఉండదు. అక్కడ గోతిక్ బైబిలు ఏమీ మార్చలేదు. తండ్రి, నేను, ఒకటి అని సూటిగా ఉంది. గోతిక్‌లో ఇద్దరి గురించి చెప్పడానికి ద్వివచన క్రియ ఉంది, సంస్కృతంలో ఉన్నట్టే. గ్రీకులో బహువచనం ఉన్నా వ్యాకరణం కోరినట్టు అక్కడ ద్వివచనం వేశాడు. మన అనువాదకులు ప్రతి చోటా మేము అనాలా మనము అనాలా అని ఆగి ఆలోచించవలసి వచ్చినట్టే ఇదీ. భాష అడిగినదాన్ని ఇచ్చాడు, తన పక్షం అడిగినదాన్ని ఇవ్వలేదు. తను నమ్మినదానికి ఎదురు నిలిచే వచనాన్ని తన చేతులతోనే తన ప్రజల భాషలో పెట్టి, వారి చేతికిచ్చాడు.

దీని ఫలం త్వరలోనే కనిపించింది. ఉల్ఫిలా పోయిన ఇరవై ఏళ్ల లోపే, కాన్‌స్టాంటినోపుల్‌కు బిషప్పుగా వచ్చిన యోహాను క్రిసొస్తొమ్, నికేయ విశ్వాసాన్ని నమ్మిన గోత్‌లకు రాజధానిలో ఒక చర్చి ఇచ్చాడు. గోతిక్‌లో లేఖనాలు చదివించాడు. తానే వెళ్లి దుబాసీతో ప్రసంగించాడు. సున్నియ, ఫ్రెతెల అనే ఇద్దరు గోత్‌లు కీర్తనల గ్రంథంలో గ్రీకుకు, లాటిన్‌కు తేడాలున్న చోట్లన్నీ గుర్తించి, ఏది సరైనదని బేత్లెహేములో ఉన్న జెరోముకు ఉత్తరం రాశారు. నిన్నటిదాకా అక్షరం ఎరగని జాతి హీబ్రూ మూలం అడుగుతోందని జెరోము ఆశ్చర్యపోయి పెద్ద జవాబు రాశాడు. ఆ జవాబు ఇప్పటికీ ఉంది.

ఉల్ఫిలా చివరి రోజులు సంతోషంగా గడవలేదు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ నికేయ విశ్వాసాన్ని స్థిరపరిచింది. థియొడోసియస్ చక్రవర్తి ఉల్ఫిలా పక్షంవారి చేతుల్లోంచి చర్చిలను తీసేశాడు. 383లో చక్రవర్తి పిలుపు మీద, విశ్వాస విషయమై జరిగే చర్చకు ఆయన రాజధానికి ప్రయాణమై వచ్చాడు. వచ్చాక జబ్బుపడి అక్కడే కన్నుమూశాడు. డెబ్బై దాటిన వయసు. బిషప్పుగా 40 ఏళ్లు. మరణానికి ముందు కూడా తన పక్షపు విశ్వాసాన్నే ఒప్పుకుంటూ రాసి ఉంచాడు. చిన్నతనంలో తల్లిదండ్రుల చేతుల్లోంచి తీసుకుని పెంచి లేఖనాలు నేర్పిన ఆక్సెంటియస్, తన గురువును గురించి కన్నబిడ్డ రాసినట్టు రాశాడు. ఆ రాత ఒక పాత ప్రతి అంచుల్లో, వేరే గ్రంథం పక్కన ఖాళీలో దొరికింది. 1840లో గానీ అది వెలుగులోకి రాలేదు.

గోత్‌లు ఆ తర్వాత లోకమెరిగిన పనులు చేశారు. 410 ఆగస్టులో అలారిక్ రోమా నగరాన్ని కొల్లగొట్టాడు. అయితే పేతురు, పౌలుల పేరిట ఉన్న మందిరాల్లో తలదాచుకున్నవారిని ముట్టవద్దని ఆజ్ఞాపించాడు. అగస్టీన్ ఈ సంగతి తన గ్రంథంలో ప్రత్యేకంగా ప్రస్తావించాడు. ఇటలీని 493 నుంచి 526 వరకు ఏలిన థియొడొరిక్ కాలంలో రవెన్నా నగరంలో ఆ వెండి బైబిలు తయారైందని పండితులు భావిస్తారు. పాలు తాగి బతికే కాపరుల కోసం చేసిన అనువాదం రాజుల ఊదారంగు తోలు మీదికి ఎక్కింది. తర్వాత ఇటలీలో గోత్‌లు ఓడిపోయారు. స్పెయిన్‌లో వారి రాజు రెక్కారెద్ 589లో తొలేదో సభలో నికేయ విశ్వాసాన్ని ఒప్పుకున్నాడు. సిద్ధాంతం విషయంలో అది మనం సంతోషించదగిన రోజే. కానీ అరియస్ పక్షపు పుస్తకాలన్నీ పోగుచేయించి తగులబెట్టించాడని తర్వాతి చరిత్రకారుడు రాశాడు. గోత్‌లు లాటిన్ ఆరాధనలోకి వెళ్లారు, భాష మరిచారు.

ఇటలీలో మిగిలిన గోతిక్ పుస్తకాల తోలును సన్యాసులు గీకి శుభ్రంచేసి మళ్లీ వాడుకున్నారు. రోమీయులకు రాసిన పత్రిక గోతిక్ పుటల మీద సెవిల్‌కు చెందిన ఇసిడోర్ గ్రంథం రాశారు. 1756లో జర్మనీలోని వుల్ఫెన్‌బ్యుట్టెల్‌లో ఒక పాస్టరుగారు ఆ రాత కింద మసక అక్షరాలను గుర్తుపట్టాడు. 1817లో మిలాన్‌లో ఏంజెలో మాయ్ అలాంటివే మరికొన్ని బయటపెట్టాడు, పౌలు పత్రికలు చాలావరకు అక్కడివే. ఆ ఫిలిప్పీ వచనం కూడా అలా గీకేసిన తోలు అడుగునుంచే మనకు దక్కింది.

వెండి బైబిలు వెర్దెన్ మఠంలో పదహారో శతాబ్దంలో బయటపడి, ప్రాగ్ చేరి, 1648లో స్వీడిష్ సైన్యం దోపుడుసొమ్ముగా ఎత్తుకుపోగా స్వీడన్ చేరింది. ఒకప్పుడు మనుషులను దోచుకున్నారు, ఇప్పుడు పుస్తకాన్ని! అక్కడి నుంచి హాలండు వెళ్లి, మళ్లీ డబ్బిచ్చి కొనబడి, 1669లో ఉప్సాలా విశ్వవిద్యాలయానికి కానుకగా అందింది. మొదట 336 ఆకులున్న పుస్తకంలో అక్కడున్నవి 187.

1970లో జర్మనీలోని స్పేయర్ నగరపు పెద్ద చర్చిలో మరమ్మతులు చేస్తుండగా ఒక పాత పెట్టెలో, కర్రకు చుట్టిన తోలు ముక్క దొరికింది. విప్పితే ఊదారంగు, వెండి అక్షరాలు. ఆ పుస్తకంలో సువార్తలు మత్తయి, యోహాను, లూకా, మార్కు వరుసలో ఉంటాయి. దొరికినది మార్కు చివరి ఆకు, అంటే పుస్తకానికే చివరి ఆకు. ప్రభువు శిష్యులను సర్వలోకానికి సువార్తతో పంపిన మాటలు ఆ ఆకు మీద ఉన్నాయి, గోతిక్‌లో.